కటింగ్ బల్ల మీద సవతి

ఆ వేసవిలో మా ఇంట్లోకి సవతి దిగింది. ఒక్కసారిగా వచ్చి ఉంటే గుమ్మంలోనే నిలదీసేదాన్ని. అది ముక్కలు ముక్కలుగా, మా ఆయన పనిసంచిలో దాక్కుని వచ్చింది. మొదట ఖాళీ ఇనప డబ్బా, తర్వాత ఒక ఫ్యాను, ఆ తర్వాత వెండిరంగు కవరులో చుట్టిన పచ్చటి పలక. వచ్చిన ప్రతి ముక్కా తిన్నగా పోయి నా కటింగ్ బల్ల మీద కూర్చుంది.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. ముందుగదిలో కిటికీ కింద మోటారు మిషను, దానికి ఎదురుగా కటింగ్ బల్ల. బడులు తెరవబోయే ముందు రోజులంటే నాకు ఊపిరాడదు. యూనిఫారాల గుడ్డ తానులు తానులుగా గోడవారన పేరుకుపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆయన నా బల్లలో సగం ఆక్రమించాడు.

"ఏమిటండీ ఈ సామాను?"

"కంప్యూటరు."

"మనకా?"

"హారన్‌కి."

అంతే. మా ఆయన మాటలు కొలిచి పోసే మనిషి. లిఫ్టు మెకానిక్కు. రోజంతా ఇరుకు గోతుల్లో, చీకట్లో, ఇనపతాళ్ళతోనూ చక్రాలతోనూ గడిపి వస్తాడు. అబ్బాయి నెమ్మది, నోట్లో నాలుక లేదు అని పెళ్ళికి ముందు గొప్పగా చెప్పారు. గుణమనుకుని మురిసిపోయాను. కాపురానికి వచ్చాక తెలిసింది, ఆ నాలుక లేకపోవడం మా ఇంటి వరకే అని. ఫోనులో హారన్ దొరికాడంటే చాలు, ఆ నాలుక ఎక్కడినుంచి వస్తుందో వచ్చేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ ఈగలు తోలుకునే ఉద్యోగం నాది.

హారన్ అంటే ఆయన చిన్ననాటి స్నేహితుడు. కంచం చేత్తో పట్టుకుని స్టీరింగులా తిప్పుతూ, నోటితో హారన్ కొడుతూ వీధంతా పరిగెత్తేవాడట. ఆ పేరు అలాగే ఉండిపోయింది, ఆ పిచ్చీ అలాగే ఉండిపోయింది, పెద్దయ్యాక నిజంగానే బస్సు డ్రైవరయ్యాడు. కిందటేడు నడుములో నరం నొక్కుకుపోయి కుడిపాదానికి స్పర్శ పోయింది. నిప్పు మీద పెట్టినా తెలియదు, నీళ్ళలో పెట్టినా తెలియదు. అలాంటి కాలితో బ్రేకు ఎలా తొక్కుతాడు? బస్సు దింపేసి టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చోమన్నారు. అతను ఆ కిటికీకీ పోలేదు, ఇంకెక్కడికీ పోలేదు. వాళ్ళమ్మ ఉన్న ఇంట్లో ఒక కుర్చీ ఎక్కి కూర్చున్నాడు, ఇక దిగలేదు. గడ్డం పెరిగింది. మాట తగ్గింది. నవ్వు అసలే పోయింది.

బస్సు నడిపే ఆట ఒకటుందని, చేతిలో నిజం స్టీరింగు పెట్టుకుని తెర మీద ఊళ్ళూ రోడ్లూ తిరగొచ్చని మా ఆయనకి ఎవరో చెప్పారు. దానికి మామూలు కంప్యూటరు చాలదట, బలమున్నది కావాలట. దుకాణంలో కట్టి ఉన్నవి మా తాహతుకి అందేవి కావు. అందుకని ఒక ఆఫీసు వాళ్ళు పారేస్తున్న పాతదాని కడుపులోంచి కొంత, తెలిసినవాళ్ళ అటకల మీంచి కొంత పోగుచేసి తనే కడతానన్నాడు. హారన్ని ఆ కుర్చీలోంచి కదిలించకపోతే మనిషి దక్కడని ఆయన భయం. నాకు చెప్పిన భయం కాదు. ఫోనులో వాళ్ళమ్మగారితో చెబుతుంటే విన్న భయం.

నేను జాలిపడాలి. పడ్డాను కూడా. కానీ జాలి ఒక కంట్లో ఉంటే కుళ్ళు రెండో కంట్లో ఉంది. కాలు చచ్చుబడ్డ మనిషి మీద కుళ్ళుకునే దాన్ని ఏమంటారో నాకు తెలుసు. అననివ్వండి. నా మొగుడు నాతో మాట్లాడాలని నేను కోరుకున్నాను, అంతకుమించి ఏమీ కోరలేదు.

"నీ మొగుడు తాగి రావట్లేదు, ఊరంతా తిరిగి రావట్లేదు," అనేది మా అత్తయ్య చిక్కుడుకాయలు ఒలుస్తూ. "ఇనప ముక్కలు తెస్తున్నాడు. సంతోషించవే."

"తాగొస్తే తిట్టొచ్చు అత్తయ్యా. మంచిపని చేసేవాణ్ణి ఏమని తిట్టను?"

"అదీ నిజమే," అని ఒప్పుకుని, కొడుకు ఇంటికి రాగానే, "నీ పెళ్ళాం నిన్ను తిట్టడానికి వంక దొరక్క బాధపడుతోందిరా," అని చేరవేసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆయన ఒక్క నవ్వు నవ్వి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

ఆ పచ్చ పలకని ముట్టుకునే ముందు కిటికీ ఊచని ఒకసారి తాకేవాడు. ఒంట్లో కరెంటు ఏమైనా ఉంటే భూమిలోకి పోతుందట. తర్వాత దాన్ని రెండు అంచుల దగ్గరే పట్టుకుని, స్నానం చేయించిన పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తేవాడు. ఆ చేతులు నాకు తెలిసిన చేతులే. గ్రీజు మరకలు, కాయలు కట్టిన వేళ్ళు. వాటికి అంత మెత్తదనం ఉందని మాత్రం నాకు తెలియదు.

"ఆ పాలియెస్టర్ గుడ్డ కొంచెం అవతల పెట్టు."

"ఇది నా బల్లండీ."

"చిటపటమంటుంది అది. ఒక్క మెరుపు తగిలినా బోర్డు పోతుంది."

"నా గుండుసూదుల అయస్కాంతం?"

"అది ఇంకా అవతల పెట్టు."

నా గుడ్డలు మంచమెక్కాయి. నేను నేల మీద చాప పరుచుకుని, మోకాళ్ళ మీద నడుస్తూ లాగులు కత్తిరించుకున్నాను. బల్ల మీద రాణీగారు వెండి దుప్పటి కప్పుకుని నిద్రపోయేవారు.

*

అన్నిటికంటే ముఖ్యమైన ముక్క ఇంకా దొరకలేదు. గ్రాఫిక్స్ కార్డు. తెర మీద బొమ్మని కదిలించేది అదేనట, అది మంచిది కాకపోతే మిగతావన్నీ ఉన్నా లేనట్టేనట. మూతబడ్డ గేమ్ సెంటర్ ఒకటి సామాను అమ్ముతోందని తెలిసి వెళ్తుంటే, బొత్తాలూ జిప్పులూ కొనాలని నేనూ వెంటబడ్డాను. నిజానికి బొత్తాలు ఇంట్లో ఉన్నాయి. తోడు నడవడానికి ఒక సాకు.

ఆ సెంటర్ యజమాని కార్డుని అక్కడే తగిలించి పనిచేస్తోందని చూపించాడు. తర్వాత ఊడదీసి, గుడ్డతో తుడిచి, వెనక ఉన్న రంధ్రాలన్నిటికీ నల్లటి రబ్బరు మూతలు బిగించి, "దుమ్ము చేరకుండా," అన్నాడు. మా ఆయన సంచిలో పెట్టుకుని ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హారన్ ఎంత పొడుగో, కూర్చుంటే కళ్ళు ఏ ఎత్తున ఉంటాయో, తెర ఎంత దూరం ఉంటే మెడ నొప్పి పుట్టదో, అతను ఏ రోడ్డు మీద ఎన్నేళ్ళు బస్సు తోలాడో, ఏ మలుపులో గేరు మార్చేవాడో, అన్నీ ఆ ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాడు. నేను బొత్తాల పొట్లం ఒళ్ళో పెట్టుకుని విన్నాను. నా కళ్ళు ఏ ఎత్తున ఉంటాయో ఈయనకి తెలుసా? నా మిషను మీద ఒక దీపం పెట్టించండి, సూదిలో దారం కనపడి చావట్లేదు అని నేను మొత్తుకుంటూ ఎన్నాళ్ళయింది?

లేచి వస్తుంటే యజమాని, "ఈ ఫ్యాను కూడా తీసుకెళ్ళండి సార్. రంగురంగుల లైట్లు వెలుగుతాయి," అన్నాడు.

"వాడికి బాగుంటుంది," అన్నాడు మా ఆయన.

డబ్బాలోపల దీపాలు. ఎవరూ చూడని చోట, ఎర్రగా, నీలంగా, పచ్చగా. నాకు ఒళ్ళు మండిపోయింది. దారంతా ముందుకి ముందుకి నడిచాను. కోపం వచ్చిందని ఆయనకి తెలియాలి కదా. ఆయన సంచిని గుండెకి ఆనించుకుని వెనక వస్తూ, "కొంచెం నెమ్మదిగా నడువు, కుదుపుతుంది," అన్నాడు.

*

అన్నీ బిగించిన సాయంత్రం మా అత్తయ్య కుర్చీ లాక్కుని ముందు వరసలో కూర్చుంది. మీట నొక్కగానే ఫ్యాను తిరిగింది, దీపాలు వెలిగాయి, తెర తెల్లబడింది. "ఓహో!" అంది అత్తయ్య. ఆయన ఆట తెరిచాడు. తెల్లటి బస్సు, తడి రోడ్డు, పక్కన చెట్లు. బావుందని నేనే అనబోయాను, నోటిదాకా వచ్చింది.

బస్సు కదిలింది. కదలడం కాదు, ఒక చోట మాయమై ఇంకో చోట తేలింది. చెట్లు ఆగిపోయాయి, దూకాయి, మళ్ళీ ఆగిపోయాయి.

"బస్సుకి ఎక్కిళ్ళు వచ్చినట్టున్నాయిరా. కాసిని నీళ్ళు పట్టించు," అంది అత్తయ్య.

ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం విప్పి మళ్ళీ బిగించాడు. మర్నాడు పని నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే మళ్ళీ విప్పాడు. మళ్ళీ అవే ఎక్కిళ్ళు. వైర్లన్నీ తడిమాడు, ఫ్యాన్లన్నీ ఊదాడు. చివరికి బల్ల మీద మోచేతులు ఆనించి తల పట్టుకున్నాడు. నేను మిషను ఆపి దగ్గరికి వెళ్ళాను.

"ఏమైందండీ?"

"ఏం లేదు."

బల్లకి ఇవతల నేనున్నాను. ఊరవతల ఉన్న హారన్‌కి ఫోను కలిపాడు. చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టాడు.

"ఒరేయ్, కార్డు పనికిరాదురా. ఆ సెంటర్ వాడు నన్ను ముంచాడు."

ఆ రోజుల్లో హారన్ మాట్లాడితే నూతిలోంచి చేదతో తోడుకుని మాట్లాడినట్టుండేది.

"తెర వైరు ఎక్కడ పెట్టావ్?" అన్నాడు.

"డబ్బా వెనకాలే. ఖాళీ ఉన్న చోట."

"ఖాళీ లేని చోట్లు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి, కొంచెం కింద. వాటికి మూతలు బిగించి ఉన్నాయి."

"అదీ సంగతి. మూత ఉన్న చోట నువ్వు వేలు పెట్టవు కదరా లిఫ్టూ. చస్తే పెట్టవు. మనిద్దరం అద్దెకున్న గదిలో స్విచ్చుకి ఎవరో టేపు అంటిస్తే వేసవంతా ఫ్యాను లేకుండా పడుకున్నావ్, ఎందుకంటించారో తెలియకుండా ముట్టుకోకూడదని. నాకా డబ్బా గురించి ఓనమాలు రావు. ఆ మూతలు పీకి చూడు."

మా ఆయన కింద కూర్చుని ఒక మూత పీకాడు. తెర వైరు పైనుంచి తీసి కార్డు వెనక గుచ్చాడు. బస్సు నూనె పోసినట్టు కదిలింది. చెట్లు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా వెనక్కి పోయాయి. రెండు రోజులూ కొన్న కార్డుని పక్కన కూర్చోబెట్టి, వైరు గుచ్చిన పాత పలకతోనే బండి లాగించాడన్నమాట. లిఫ్టుల పనిలో మూత బిగించి ఉందంటే లోపల ప్రాణం తీసేది ఏదో ఉందని అర్థం. దుమ్ము కోసమేనని విన్నా, ఆ అలవాటే ఇక్కడ అడ్డుపడింది.

కొండను తవ్వి ఎలుకను పట్టారు ఇద్దరూ. అత్తయ్య చప్పట్లు కొట్టింది. ఆయన ఫోనులోకి, "నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణిరా," అన్నాడు.

నేను వంటింట్లోకి పోయి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. ఆ మూతలు బిగిస్తుంటే నేనూ చూశాను. ఆ మనిషి పక్కన ఇన్నేళ్ళు పడుకున్నాను, ఆయన బట్టలు ఉతికాను, జ్వరాలకి తడిగుడ్డ వేశాను, ఏ చొక్కా బొత్తం ఎప్పుడు ఊడుతుందో చెప్పగలను. మూత ఉన్న చోట వేలు పెట్టడని మాత్రం నాకు తెలియదు. కంప్యూటరంటే ఏమిటో తెలియని హారన్‌కి మా ఆయన అంటే ఏమిటో తెలుసు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. ఆమె ఏడుపు నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

*

కంప్యూటరు హారన్ ఇంటికి వెళ్ళిపోయింది. పీడా వదిలిందని బల్ల తుడుచుకుని, గుడ్డలు పరుచుకుని, సుద్దముక్కతో గీతలు గీసుకున్నాను. బల్ల వచ్చింది గానీ మొగుడు రాలేదు. రోజూ పని అయ్యాక అటునుంచి అటే హారన్ ఇంటికి పోయేవాడు. వచ్చేటప్పుడు మొహం వేలాడేసుకుని వచ్చేవాడు.

సంగతి వాళ్ళమ్మగారు మా అత్తయ్యకి చెబితే, అత్తయ్య నాకు చెప్పింది. స్టీరింగు బాగానే ఉందట, తెర బాగానే ఉందట. చిక్కంతా పెడల్ దగ్గరే. కుడికాలికి ఎంత తొక్కుతోందో తెలియదు. ఎడమకాలితో తొక్కితే బస్సు గుర్రంలా ఎగిరి దూకుతోంది. స్టాపులో నిలబడ్డ బొమ్మ మనుషుల మీదికి రెండుసార్లు ఎక్కించాడట. రెండోసారి చక్రం వదిలేసి, "ఆటలో కూడా పనికిరానా నేను," అని మీట కట్టేశాడు. తెర మీద వాళ్ళమ్మగారు తువ్వాలు కప్పేశారు. మా ఆయన మెత్తని స్ప్రింగులు వేశాడు, వేరే పెడల్ అమర్చాడు, బతిమాలాడు, తిట్టాడు. హారన్ కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు.

నిజం చెప్పొద్దూ, విన్నప్పుడు నా కడుపు కొంచెం చల్లబడింది. ఒక్క క్షణమే. కానీ చల్లబడింది.

ఆ మర్నాడే నా మిషను పెడల్ నుంచి కాలుతున్న వాసన వచ్చింది. పొగ రాలేదు గానీ మోటారు మూలిగి ఆగిపోయింది. బల్ల మీద సగం కుట్టిన గౌనులు. అటక మీద పాత పెడల్ ఒకటి దాచుకున్నాను, ఇలాంటి రోజు కోసమే. ఎక్కి చూస్తే అట్టపెట్టె ఉంది, పెడల్ లేదు.

"అదా," అంది అత్తయ్య ఎటో చూస్తూ. "అది మెత్తగా దిగుతుందని, వాడికి పనికొస్తుందని..."

"ఎవరు తీశారు?"

"నన్ను చెప్పొద్దన్నాడే."

గోరుచుట్టు మీద రోకటిపోటు. బల్ల పోయింది, మొగుడు పోయాడు, నేనడిగిన దీపం రానేలేదు, ఇప్పుడు నా పెడల్ కూడా పోయింది. చెప్పులేసుకున్నాను. హారన్ ఇంటి వరకూ ఏమేం అనాలో అన్నీ వరసగా పేర్చుకుంటూ నడిచాను. కాలు బాగాలేని మనిషిని ఏమనకూడదో అవి కూడా ఉన్నాయి అందులో.

*

వాళ్ళమ్మగారు తలుపు తీసి, నా మొహం చూసి పక్కకి తప్పుకున్నారు. హారన్ కిటికీ వైపే చూస్తున్నాడు. కింద, తువ్వాలు కప్పిన తెర దగ్గర, నా పెడల్. లోపలి సరుకంతా తీసేసి ఏదో ఆటసామాను వైరు కూరారు. పైన మాత్రం నా మడమ అరగదీసిన గుర్తు అలాగే ఉంది.

"అన్నయ్యా, అది నాది," అన్నాను.

అతను వంగి చూశాడు. "ఇదా? కొన్నానన్నాడే."

"కొన్నాడు. నా అటక మీద."

"తీసుకుపో చెల్లెమ్మా. నాకేం పనిలేదు దానితో." కోపంగా కాదు. అలసటగా అన్నాడు. "నా ఎడమకాలికి పుట్టినప్పట్నుంచీ ఒకటే పని వచ్చు. క్లచ్చు తొక్కడం. క్లచ్చుని సగం సగం తొక్కరు, అడుగంటా తొక్కుతారు. యాక్సిలరేటరు దానికప్పగిస్తే అదీ అడుగంటా తొక్కుతోంది. ఇన్నేళ్ళ అలవాటు, చెప్తే వినదు."

నేను పేర్చుకొచ్చిన మాటలు ఉన్నాయి కదా. వాటిలో ఒక్కటీ అక్కడ పనికిరాలేదు. నా కళ్ళు అతని ఎడమకాలి మీదికి పోయాయి. చెప్పు వేసుకుని ఉన్నాడు.

"ముందు ఆ చెప్పు విప్పండి," అన్నాను.

"ఎందుకు?"

"చెప్పుతో మోటారు మిషను తొక్కేవాళ్ళని నేను గడప తొక్కనివ్వను. విప్పండి. మడమ కింద ఆనించండి. మడమ లేస్తే ఒప్పుకోను. వేళ్ళు ఒక్కటే పని చెయ్యాలి."

"చెల్లెమ్మా, నేను బస్సు..."

"బస్సు తోలింది మీ కుడికాలు. ఎడమకాలు ఇవాళే బళ్ళో చేరింది."

తువ్వాలు లాగేశాను. అతను ఆట తెరిచాడు, నన్ను వదిలించుకోవడానికే. తెర మీద కిటకిటలాడే బస్టాండు, ఎక్కడానికి తోసుకుంటున్న జనం.

"ఇదేమిటి? మొదటిరోజే పెళ్ళిబట్టలు ఇస్తారా చేతికి?" అన్నాను. "నా దగ్గరికి కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి నేను గుడ్డ ఇవ్వను, దారం కూడా ఇవ్వను. గీతల కాగితం ఇస్తాను. ఉత్త సూదితో గీత మీద చిల్లులు పొడవమంటాను. తప్పినా ఎవరి గుడ్డా పాడవదు. జనం లేని చోటు లేదా ఇందులో?"

ఉంది. డిపో వెనక ఖాళీ మైదానం. బస్సులో ఎవరూ లేరు, చుట్టూ ఎవరూ లేరు. మొదటిసారి ఎగిరి దూకింది. "మడమ లేచింది," అన్నాను. రెండోసారీ దూకింది. "మళ్ళీ లేచింది." నేను నేల మీద కూర్చుని అతని మడమనే చూస్తూ, లేచినప్పుడల్లా అక్కడ దొరికిన స్కేలుతో నేల మీద కొట్టాను. వాళ్ళమ్మగారు టీ తెచ్చి పెట్టారు, అది చల్లారిపోయింది. కాసేపటికి బస్సు ఆ మైదానం చుట్టూ నెమ్మదిగా, చివరిదాకా తిరిగి వచ్చింది. హారన్ ఇంకోసారి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. అతని మెడ నిటారుగా అయింది.

"సరే గురువుగారూ," అన్నాడు చివరికి. "ఇప్పుడు మీరు కూర్చోండి. చక్రం నేను నేర్పుతాను."

నేను జన్మలో సైకిలు కూడా తొక్కలేదు. వద్దు వద్దంటూనే కూర్చున్నాను. పెడల్ వరకూ నాకు భయం లేదు, అది నాదే. బస్సు పట్టుదారంలా సాగిపోయింది. కానీ ముందు గోడ వచ్చింది. మిషను ఆపాలంటే మేం ఏం చేస్తాం? కుడిచెయ్యి చాచి పక్కనున్న చక్రాన్ని అరచేత్తో పట్టేస్తాం. నేనూ అదే చేశాను. స్టీరింగు వదిలేసి, కుడివైపు గాలిలో చెయ్యి చాచి, లేని చక్రాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఒక పక్క, "తప్పుకో తల్లీ, తప్పుకో," అని గోడని బతిమాలుతూనే ఉన్నాను. బస్సు గోడకి గుద్దుకుని ఆగింది. నా చెయ్యి గాలిలోనే ఉంది.

"ఏం పట్టుకున్నావ్ చెల్లెమ్మా? ఏం పట్టుకున్నావది?" అన్నాడు హారన్. పొట్ట పట్టుకుని, గోడకి తల ఆనించి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు. నాకూ ఆగలేదు. వాళ్ళమ్మగారు తడిచేతులతో వంటింటి గుమ్మంలోకి వచ్చి, కొడుకుని చూస్తూ నిలబడిపోయారు.

తల తిప్పి చూస్తే వీధి గుమ్మంలో మా ఆయన. భుజాన పనిసంచి అలాగే ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో.

"రారా లిఫ్టూ, చూడు మీ ఆవిడ డ్రైవింగు," అన్నాడు హారన్ కళ్ళు తుడుచుకుంటూ.

మా ఆయన నవ్వాడు. పెదాలతో నవ్వాడు, కళ్ళతో కాదు. ఆ మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. కుళ్ళు. స్వచ్ఛమైన, కల్తీలేని కుళ్ళు. ఆ వేసవంతా అద్దంలో నేను చూసుకున్న సరుకే అది. నా కడుపులో సంబరం చెప్పలేను. అబ్బ, నా కోసం ఈ మనిషి కుళ్ళుకున్నాడు కదా! ఇంకొకరితో నేను నవ్వితే ఈయనకి గుచ్చుకుంది కదా!

పెడల్ అక్కడే ఉంచేశాను. పాత తొక్కుడు స్టాండు ఉంది, కొన్నాళ్ళు రెండు కాళ్ళతో తొక్కుకుంటాను అన్నాను. అంత ఉదారంగా ఉన్నాను ఆ సాయంత్రం.

*

ఇంటికి నడిచి వస్తున్నాం. ఎప్పుడూ నాకంటే ముందు నడిచే మనిషి ఆ రోజు నా పక్కనే నడిచాడు. అడుగుతాడు, అడిగితే ఎలా ఊరించాలా అని చూస్తున్నాను. మూసేసిన దుకాణాల దగ్గర, వీధి దీపం కింద ఆగాడు.

"ఏం చెప్పావ్ వాడికి?"

"ఏమీ చెప్పలేదండీ."

"మరి ఎందుకు నవ్వాడు?"

"నవ్వొచ్చింది, నవ్వాడు. మీకేం? నేను నవ్వకూడదా?"

"నువ్వు కాదు," అన్నాడు. సంచి దింపి నేల మీద పెట్టాడు. "వాడు. ఈ వేసవంతా ఒక్కొక్క ముక్కా ఏరుకొచ్చాను. ఒక్కొక్క మరా నేనే బిగించాను. రోజూ పోయి కూర్చున్నాను. నా దగ్గర ఒక్కసారి నవ్వలేదు. నువ్వు ఒక్కపూట వెళ్ళావ్. నీ దగ్గర నవ్వాడు."

నా సంబరం మొత్తం అక్కడే, ఆ దీపం కిందే కూలిపోయింది. నా కోసం కాదు. నా మీద. ఆ మనిషి కుళ్ళుకున్నది హారన్ నవ్వు నాకు దక్కినందుకు. ఇందులో కూడా నేను సవతినే. అంత కోపం వచ్చింది, ఆ సంచిని కాలితో తన్నాలనిపించింది.

కానీ ఆయన ఆ సంచిని మళ్ళీ భుజానికెత్తుకోవడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. పక్కనే ఉన్నా మనిషి నాతో లేకపోతే ఎలా ఉంటుందో, నేను చెయ్యాల్సింది ఇంకొకరు చేసేస్తే ఎలా ఉంటుందో, ఆ నొప్పి ఏ మూల నుంచి ఏ మూలకి పాకుతుందో, ప్రపంచంలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఈయనకి ఇవాళే మొదలైంది పాపం, ఏం చెయ్యాలో తెలియడం లేదు.

"కూర్చోండి," అన్నాను.

దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని మొదట్నుంచీ చెప్పాను. చెప్పు విప్పించడం, మడమ, స్కేలు, ఖాళీ మైదానం.

"తర్వాత?" అన్నాడు.

నన్ను కూర్చోబెట్టడం, బస్సు పరిగెత్తడం, గోడ రావడం, గాలిలో చక్రం పట్టుకోవడం. చెయ్యి చాచి చూపించాను. ఆయన నా చేతినీ, తర్వాత నా మొహాన్నీ చూశాడు. నోటి చివర చిన్నగా కదిలింది.

"తర్వాత?"

ఇన్నేళ్ళ కాపురంలో నా మాటకి ఆయన 'తర్వాత' అనడం నేను వినలేదు. తర్వాత ఏమీ లేదు. బస్సు ఆ గోడ దగ్గరే ఆగిపోయింది. కానీ ఆయన నా వైపే తిరిగి కూర్చుని ఉన్నాడు, లేచేలా లేడు.

నేను మాటల్లోనే బస్సుని నెమ్మదిగా వెనక్కి తీసి, ఇంకో వీధిలోకి తిప్పాను.